నలభై అయిదు దాటనియ్యని పెద్దమ్మ

మొన్న గురువారం పొద్దున పెద్దమ్మ బిడ్డ, మా అక్క ఫోన్ చేసి, "అమ్మ పోయిందే" అన్నది. కొత్తవాడలో నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన మా పెద్దమ్మ నిద్రలోనే కన్నుమూసింది. చాలాసేపు ఏడ్చాను. రాయడానికి కూర్చుంటే మాత్రం గర్వమే ముందుకొస్తోంది.

కొన్నేళ్ల కిందట ఆమె ముఖం ఎర్రబడింది. "రక్తం మంచిగ పట్టింది" అని వాడకట్టు వాళ్లు మెచ్చుకున్నారు. స్నానం చేస్తే చాలు, ఒళ్లంతా దురద. వేళ్ల కొసలు మండి పోగు పట్టలేకపోయేది. నేనే దవాఖానకు తీసుకుపోయాను. ఎర్ర రక్తకణాలు అవసరానికి మించి పుడుతున్నాయని, రక్తం చిక్కబడి మెదడులోనో గుండెలోనో గడ్డ కట్టవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు వేసుకుంటూ, అప్పుడప్పుడు కొంత రక్తం తీయించుకోవాలట.

పెదనాన్న ఒప్పుకోలేదు. "రక్తం తక్కువైతే భయపడాలె గానీ ఎక్కువైతే ఫికరేంది? తీసి పారబోస్తరా?"

పెద్దమ్మ ఆయనకు నిదానంగా చెప్పింది. "నూలుకు పెట్టే గంజి చిక్కగైతే పోగులు అంటుకుంటయ్. మగ్గం నడుస్తదా? నా ఒంట్ల గూడ గంతే."

మర్నాడు పెదనాన్నే ఆటో పిలిచాడు.

ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. రక్తంలో ఎర్రకణాల వంతు నూటికి నలభై అయిదు దాటకూడదని డాక్టరమ్మ చెప్పిన మాట మరవలేదు. రిపోర్టు చేతికి రాగానే వేలు పెట్టి వెతుక్కునేది. దాటితే, నర్సు పిలవకముందే పోయి రక్తం తీసే మంచమెక్కేది.

ఒకసారి అక్కడ మడికొండ రైతు ఒకాయన సూది చూసి లేచి నిలబడ్డాడు. "ఉన్న రక్తం తీస్తే నేను పొలం పని ఎట్ల చేస్త?" భార్య బతిమాలుతోంది, ఆయన వినడం లేదు. పెద్దమ్మ పోయి పక్కన కూర్చుంది.

"తమ్మీ, నేను అయిదేండ్ల సంది తీయించుకుంటున్న. పొద్దున నేసే వచ్చిన. ఇగో, చెయ్యి చూడు."

కాయలు కాసిన ఆ అరచేతిని ఆయన కాసేపు చూశాడు. మెల్లగా పడుకొని చెయ్యి చాపాడు.

అప్పటినుంచి భయపడే కొత్తవాళ్లను డాక్టరమ్మ ఆమె దగ్గరికే పంపేది. బడి మొఖం చూడని మా పెద్దమ్మ చెబుతుంటే, చదువుకున్నవాళ్లు కూడా తలూపుతూ వినేవాళ్లు. పక్కన కూర్చున్న నేను, 'ఈమె మా పెద్దమ్మ' అని అందరికీ చెప్పుకోవాలనుకునేదాన్ని.

పోయిన నెల రక్తం తీయించుకొని బయటికొచ్చాక, పట్టుకుందామని చెయ్యి అందించాను. "నేనేమన్న పడిపోతాన్నా? ఆకలైతాంది, నడువు" అన్నది. రోడ్డు దాటి బజ్జీల బండి దగ్గర నిలబడింది. మోచేతి మడతలో ఇంకా దూది అంటుకొనే ఉంది. వేడి మిర్చిబజ్జీని ఆ చేతికీ ఈ చేతికీ మార్చుకుంటూ, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుతోంది.