సిగ్గరి నరం

ఎవరి కంట్లోకి చూసినా లోపలి నరం కొట్టుకోవడం కనబడేదాకా వదలకపోవడం, ఆ వీధి కళ్ళ డాక్టరుగారికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. జోడు మార్పించుకోడానికొచ్చినా, నలక పడి వచ్చినా కళ్ళు చూసే యంత్రం మీద గడ్డం ఆనించాల్సిందే. ఆయన లైటు వేసి, ఊపిరి బిగబట్టి, కంటి వెనకగోడ మీది ఆ సన్నని నరం ఎప్పుడు కదులుతుందా అని కాచుకునేవారు.

“ఇంకా ఎంతసేపండీ? మెడ పట్టేసింది.”

“ఆగండి. సిగ్గుపడుతోంది.”

చివరికది కదలగానే “కొట్టుకుంటోంది!” అని కేకేసి చీటీలో రాసుకునేవారు. బయట కూర్చున్నవాళ్ళు లోపలెవరికో కొడుకు పుట్టాడనుకునేవారు.

తిట్లు తినేది మాత్రం వరసగా పేర్లు పిలిచే చీటీలావిడ.

“సార్, బయట పద్నాలుగుమంది. ఒకాయన చూసిచూసి నిద్రపోయాడు.”

“మంచిదే. కళ్ళకి విశ్రాంతి.”

అందరికీ చీటీ రాసే ఆవిడ తనకంటూ ఒక్కటీ రాసుకోలేదు. కానీ ప్రతి సోమవారం తలుపులు తీయగానే పిలుపొచ్చేది.

“రామ్మా, లైటు పనిచేస్తోందో లేదో చూడాలి.”

“నా కళ్ళే దొరికాయా సార్? గోడ లేదూ?”

“గోడకి నరాలుండవు కదమ్మా!”

అలా తొమ్మిదేళ్ళపాటు విసుక్కుంటూనే కూర్చుంది.

ఒక సోమవారం కేక వినబడలేదు. ఒక కన్ను చూశారు, రెండోది చూశారు, మళ్ళీ మొదటిది చూశారు.

“తలనొప్పి ఉందా?”

“మీ జనంతో ఎవరికుండదు సార్?”

ఆయన నవ్వలేదు. “ఎన్నాళ్ళుగా?”

“నెల్లాళ్ళయింది. పొద్దున లేవగానే మరీను.”

ఆయన బీరువాలోంచి లావుపాటి కట్ట తీశారు. తొమ్మిదేళ్ళ చీటీలు. అన్నిటి మీదా ఆవిడ పేరే, అన్నిట్లోనూ ఒకటే మాట: కొట్టుకుంటోంది.

“కొందరికి అసలెప్పుడూ కొట్టుకోదు, వాళ్ళు బాగానే ఉంటారు. నీది మాత్రం ఏనాడూ మానలేదు. ఇప్పుడు ఆగిందంటే, తలలో ఒత్తిడి పెరిగిందేమో చూపించాలి. పద.”

“మరి లైటు?”

“దానికేం? కొన్ననాటినుంచీ దివ్యంగా ఉంది.”

బయటివాళ్ళని మర్నాడు రమ్మని, పెద్దాసుపత్రికి తనే తీసుకెళ్ళారు. తలలో నీరు చేరిందట, సరైన వేళకి వచ్చారన్నారు. మూడు నెలల తర్వాత ఆవిడ పిలవకుండానే వచ్చి గడ్డం ఆనించింది. ఆయన వేసిన కేక వీధి మలుపుదాకా వినబడింది.

ఇప్పుడాయన లేరు. ఆయన కూర్చునే స్టూలు మీద కొత్త డాక్టరమ్మ. మొన్న చీటీలావిడ తనకు తనే చీటీ రాసుకుని లోపలికెళ్ళింది.

“అయిపోయిందండీ, లేవండి.”

ఆవిడ గడ్డం తీయలేదు. “నరం కొట్టుకుంటోందా?”

“కనబడలేదండీ. బయట చాలామంది ఉన్నారు...”

“ఆగండి,” అంది ఆవిడ. “సిగ్గుపడుతోంది.”