గంజి పెట్టిన మఫ్లర్

ప్రతి జనవరి ఒకటిన నేను కొత్త మనిషినవుతాను. ఆ మనిషి సాధారణంగా పదో తారీఖు దాటి బతకదు. రెండేళ్ల కింద పొద్దున్నే నడిచే మనిషినయ్యాను. అప్పుడు కొన్న బూట్లు వేసుకుని ఇప్పుడు మా ఆయన చెట్లకు నీళ్లు పోస్తున్నాడు. నిరుడు సామలు, కొర్రలు తినే మనిషినయ్యాను. మిగిలిన సామలు పిచ్చుకలు తిన్నాయి. ఈ ఏడు అల్లికలు అల్లే మనిషినవుదామని నిర్ణయించుకున్నాను. ఫోనులో వీడియోలు చూశాను. కొత్త సంవత్సరానికి కొత్త అల్లికలు అంటూ ఒకావిడ తెల్లటి సోఫా మీద కూర్చుని తెల్లటి ఊలుతో దుప్పటి అల్లుతోంది. ఆమె కిటికీ బయట మంచు కురుస్తోంది. సూర్యాపేటలో మా కిరాయి ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. అయినా నా ఉత్సాహం తగ్గలేదు.

నేను రోజూ బస్సులో కోదాడకు పోయి ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి వస్తాను. అక్కడ బస్టాండు పక్క సందులో గాజులు, రిబ్బన్లతో పాటు ఊలు ఉండలు కూడా అమ్మే ఫ్యాన్సీ షాపు ఒకటి ఉంది. జనవరి రెండున వెళ్లాను.

"ఒరిజినల్ ఊలేనా అమ్మా?" అని అడిగాను.

"ఒరిజినలేనండి. ఎన్నిసార్లు ఉతికినా ఏం కాదండి," అంది ఓనరమ్మ.

"ఏ గొర్రెది?"

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "గొర్రెదెందుకవుద్దండి? శుభ్రంగా ఫ్యాక్టరీదండి."

రెండు ఉండలు, రెండు సూదులు కొన్నాను. తిరుగు బస్సులో ఒక ఉండ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఏ వాసనా లేదు. ఇంకోటి కూడా చూశాను. పక్క సీటులో ఆమె కొంచెం అవతలికి జరిగి కూర్చుంది. నా పరేషాన్ అక్కడే మొదలైంది.

ఎందుకంటే మాది గొర్రెలు కాసే ఇల్లు. ఉన్నికి ఎంత వాసన ఉంటుందో నాకు తెలుసు. వానలో తడిసిన గొర్రె, పొయ్యి పొగ, చింతగింజల గంజి, మూడూ కలిసిన వాసన అది. మా అమ్మ రాట్నం మీద నూలు వడికేది. మా నాయిన ఇంటి ముందు గుంట మగ్గంలో కూర్చుని గొంగళ్లు నేసేవాడు. నేను ఇంటర్ చదవడానికి మిర్యాలగూడ హాస్టల్లో చేరిన ఏడు, చలికాలం మొదట్లో నాయిన ఒక కొత్త గొంగడి భుజాన వేసుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. నల్లటి గొంగడి, అంచుకు తెల్ల చార. "ఇది కప్పుకున్నోళ్ల దగ్గరికి చలి రాదు బిడ్డా, పాము గూడ రాదు," అని చెప్పి ఇచ్చి పోయాడు.

పాము సంగతి తెలియదు కానీ నా గదిలోకి మనుషులు రావడం మానేశారు. "ఏం వాసనే ఇది? ఎవరిదే?" అన్నారు పక్క మంచం అమ్మాయిలు ముక్కులు మూసుకుని. "ఏమో, ఎవరో గేటు కాడ మర్సిపోయినట్టున్నరు," అన్నాను. ఆ సాయంత్రమే దాన్ని గేటు దగ్గరి ముసలి వాచ్‌మన్‌కు ఇచ్చేశాను. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అది దానం కాదు. నా గదిలో ఉండకూడదని ఇచ్చాను. గొంగడి ఏమైందని నాయిన ఎప్పుడూ అడగలేదు. అడగకుండానే ఎనిమిదేళ్ల కింద పోయాడు. ఆ సిగ్గు ముప్పై ఏళ్లుగా నా దగ్గరే ఉంది. అమ్మకు చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను.

అందుకని ఈ ఏడు మా గొర్రెల ఉన్నితోనే ఒక మఫ్లర్ అల్లి, నలుగురిలో వేసుకుని తిరగాలనుకున్నాను. మఫ్లర్‌తో తప్పు తీరుతుందని ఏ వీడియోలోనూ చెప్పలేదు. ఇది నా సొంత డిజైను.

ఆదివారం చివ్వెంల దాటి మా ఊరికి పోయాను. అక్కడ మా తమ్ముడు, అమ్మ ఉంటారు. తమ్ముడికి నలభై గొర్రెలున్నాయి. అమ్మ గొర్రెల దొడ్డి ముందు కూర్చుని కందులు చెరుగుతోంది.

"అమ్మా, జర ఉన్ని గావాలె," అన్నాను.

"ఏం ఉన్ని?"

"మన గొర్లదే."

అమ్మ చాట కింద పెట్టింది. "పొయ్యి తెచ్చుకో మరి. గాడనే ఉన్నయి."

దొడ్డిలోకి పోయి చూశాను. నలభై గొర్రెలూ నన్ను చూశాయి. ఒక్కదాని ఒంటి మీద కూడా ఉన్ని లేదు. పొడుగు కాళ్లు, తెల్లటి పొట్టి బొచ్చు, దువ్వినట్టు నున్నగా ఉన్నాయి. ఏటా దసరాకు వచ్చి కూర తిని పోవడమే తప్ప ఇన్నేళ్లలో గొర్రెను సరిగ్గా చూసిన పాపాన పోలేదని అప్పుడు అర్థమైంది.

"నల్లగొర్లు ఎప్పుడో ఖతమైనయి," అంది అమ్మ వెనక నుంచి. "ఇవి బిరబిర పెరుగుతయి, కోతకు పోతయి. ఉన్ని కొనేటోడు లేడు, కత్తిరించేటోడు లేడు. కాలేజీల పాఠాలు చెప్తవ్, గొర్రెను సూడ రాదా?"

అమ్మ లేచి లోపలికి పోయింది. ఇనుప సందుగ తెరిచిన చప్పుడు వినపడింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఎండిన వేపాకు మధ్య చుట్టిపెట్టిన నల్లటి ఉన్ని నూలు ఉండ ఉంది.

"మీ నాయిన పోయిన ఏడు వడికిన. నేసుడు కాలే. తర్వాత మగ్గం గుంట పూడ్సినం. ఇగ ఇదే ఆఖరుది," అంటూ నా ముందుకు చెయ్యి చాచింది. నేను చెయ్యి పెట్టబోతే ఉండ వెనక్కి తీసుకుంది.

"దీన్నన్న వాచ్‌మన్‌కు ఇయ్యకు."

"నీకెట్ల తెలుసమ్మా?" అన్నాను.

"నీకు గొంగడిచ్చిన నెలకు మీ నాయిన పల్లికాయలు పట్టుకొని మల్ల వచ్చిండు గద. గేటు కాడ గాయన కప్పుకొని కూసున్నడట."

ఆ పల్లికాయల సంచి నాకు గుర్తుంది. బస్సుకు టైమైందని మీ నాయిన వెళ్లిపోయాడమ్మా అంటూ వాచ్‌మన్ తెచ్చి ఇచ్చాడు. నాయిన గదిదాకా రానందుకు ఆ రోజు నాకు సంతోషం కూడా అయింది. అది ఇంకో సిగ్గు.

"నాయిన ఏమన్నడు?"

"ఏమంటడు? గాయన పక్కన కూసోని బీడీ తాగిండట. నీళ్లల్ల నానబెట్టకు, ఎండల ఎయ్యి సాలు అని చెప్పిండట. ఇంటికొచ్చి, నా బిడ్డ చేతికి ఎముక లేదు, వణుకుతున్న ముసలాయనకు కప్పుకున్న గొంగడి తీసిచ్చింది అని ఊరంత చెప్పుకున్నడు."

"నిజంగ గట్లనే అనుకున్నడా?"

"నేను అడగలే. ఆయన చెప్పలే." అమ్మ ఉండ నా చేతిలో పెట్టి మళ్లీ చాట అందుకుంది. "ఇంకోటి నేస్త అన్నడు. నేనే ఒద్దన్న. దాన్ని గూడ ఎవరికో ఒకరికి ఇస్తవని."

దొడ్డి కంచె పట్టుకుని ఏడ్చాను. గొర్రెలు పట్టించుకోలేదు. అమ్మ కూడా పట్టించుకోనట్టే కందులు చెరిగింది, కానీ చెరిగినవే మళ్లీ చెరిగింది.

మఫ్లర్ అల్లడానికి ఐదు వారాలు పట్టింది. ఆ నూలు మొరటుది. వేళ్లు ఒరుసుకుపోయాయి. కోదాడ బస్సులో కూర్చుని అల్లుతుంటే మొదటిరోజే పక్క సీటు ఖాళీ అయింది. పదో తారీఖు వచ్చింది, పోయింది, నేను మానలేదు. అది చూసి మా ఆయన భయపడ్డాడు.

అల్లడం అయ్యాక గంజి గుర్తొచ్చింది. గంజి పెట్టనిది గొంగడే కాదనేవాడు నాయిన. ఇంత చేసి అదొక్కటీ తప్పిపోవద్దనుకున్నాను. చింతగింజలు వేయించి, మిక్సీలో వేశాను. మిక్సీ జారు పగిలింది. మిగిలింది రోట్లో దంచి, చిక్కగా ఉడకబెట్టి, మఫ్లర్‌ను అందులో బాగా ముంచి తీసి మేడ మీద ఆరేశాను. సాయంత్రానికి అది మఫ్లర్ కాదు, చెక్క. గోడకు ఆనిస్తే నిలబడింది. వీడియో కాల్ చేసి అమ్మకు చూపించాను.

అమ్మ ఫోను పక్కన పెట్టి నవ్వింది. నాయిన పోయాక ఆ నవ్వు నేను వినలేదు. "గంజి నేసే ముందు పోగుకు పెడుతరే! అయినంక ఎవలన్న పెడుతరా?"

"ఇప్పుడేం జెయ్యాలె?"

"ఏం జేస్తవ్? ఏసుకో. రెండు మూడేండ్లకు మెత్తగయితది."

"నీళ్లల్ల నానబెడితే గంజి పోదా?"

"పోతది," అంది. నవ్వు ఆపి, "మీ నాయిన నీళ్లల్ల ఎయ్యొద్దన్నడు గద," అంది.

నానబెట్టలేదు. మర్నాడు అలాగే మెడకు చుట్టుకుని, అంటే మెడ చుట్టూ వంచి, కోదాడ పోయాను. స్టాఫ్ రూములో మా ఫిజిక్స్ సారు లేచి నిలబడ్డాడు.

"మెడ పట్టేసిందా మేడం? డాక్టరు ఎన్నాళ్లు పెట్టుకోమన్నాడండి?"

"మెడకు ఏం గాలే సార్. మఫ్లర్."

ఆయన దగ్గరికొచ్చి చూశాడు. ముక్కు కొంచెం ముడుచుకుంది. "ఏదో వాసనొస్తుందండి. ఎక్కడిదండి ఇది? ఎవరిచ్చారు?"

ముప్పై ఏళ్ల కింద అడిగిన ప్రశ్నే. అప్పుడు గదిలో ముగ్గురున్నారు, ఇప్పుడు ఏడుగురున్నారు. అందరూ వింటున్నారు.

"మా ఇంట్లదే సార్," అన్నాను. "మా అమ్మ వడికింది. మా నాయిన నెయ్యాల్సింది."

ఆయన వెళ్లి కిటికీ తెరిచాడు. ఫిబ్రవరి ఎండ లోపలికి వచ్చింది. మెడ మీద చెమట పట్టి, గంజి కొంచెం కొంచెం మెత్తబడుతోంది. మఫ్లర్ తీయకుండానే క్లాసుకు వెళ్లాను.