వంతు నీళ్ళు

మా ప్రాంతానికి కాలువ కొత్తగా వచ్చిన రోజులవి. మా హైస్కూలు చెడుగుడు జట్టుకు నేను కెప్టెన్ని. కూతకు వెళ్ళడంలో మాత్రం నా స్నేహితుడి తర్వాతే ఎవరైనా. వాళ్ళది వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. బళ్ళారి జట్టుతో పోటీ అనేసరికి ఊరు ఊరంతా పని మానేసి, ఇంటికొక బండి చొప్పున హగరి ఏటి ఇసుక తోలి మైదానంలో పరిచింది.

ఆట సగంలో వాడి నాన్న భుజాన పారతో వచ్చి నిలబడ్డాడు.

"నీళ్ళు ఇప్పుడు మా వంతురా. వదిలేస్తే మళ్ళీ ఎనిమిది రోజులకి గానీ రావు. నారు ఎండిపోద్ది" అని నాతో చెప్పి వాడు ఆట వదిలి వాళ్ళ నాన్న వెంట వెళ్ళిపోయాడు.

మేం వాననే నమ్ముకున్న జొన్న రైతుల పిల్లలం. చేను ఒక్క పూట ఆగదా అనుకున్నాం. ఓడిపోయాం.

నోటి దురుసు నాకు అప్పుడే ఉండేది. మర్నాడు బడిలో అందరి ముందూ అన్నాను: "నీకు ఊరికంటే మడే ఎక్కువప్పా. ఇంక గ్రౌండు తట్టు రావాకు."

వాడు రాలేదు. ఆ ఏడు కోతలయ్యాక పొలం అమ్మి వాళ్ళు సొంతూరికి వెళ్ళిపోయారు. వెళ్తున్నామని కూడా వాడు నాకు చెప్పలేదు.

మరుసటి ఏడు మా చేనుకూ కాలువ నీళ్ళు అందాయి. మొదటి వంతు నాడు పార పట్టుకుని, చేలోకి నీళ్ళు మళ్ళించే మడవ దగ్గర నిలబడ్డాను. మైదానం నుంచి మా జట్టు కూత వినిపిస్తూనే ఉంది.

"గ్రౌండు తట్టు చూసింది చాలు, నీళ్ళు పోతాండాయి" అని మా నాయన కసిరాడు.

నేను చూస్తున్నది కాలువ అవతల, వాళ్ళు ఖాళీ చేసి పోయిన ఇంటిని.