పద్నాలుగు కోరికల అర్జీ

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలో ఉండగా, మా ఊరి తరఫున అర్జీ రాసే పని నా మీద పడింది. ఓర్వకల్లు దగ్గర రాతిగుట్టల నడుమ ఉంటుంది మా ఊరు. మా బడిలో లెక్కలు చెప్పిన సారు ఎన్నికల్లో నిలబడి ఎమ్మెల్యే అయ్యారు. గెలిచాక మొదటిసారి ఊరికి వస్తున్నారని తెలిసి, దస్తూరి బాగుంటుందని పెద్దలు నా చేతికి కాగితం ఇచ్చారు.

నాకు కావలసింది ఒక్కటే. మా ఊరి బడి ఏడో తరగతితో సరి. అక్క ఏడు పూర్తి చేసింది. హైస్కూలు ఓర్వకల్లులో ఉంది, బస్సేమో మా ఊరి క్రాసు దగ్గర ఆగదు. ఆగకపోతే చదువు చాలించి పత్తి చేనుకు రావలసిందేనని నాన్న తేల్చేశాడు.

కానీ నేను రాయడం మొదలుపెట్టాక ఒక్కొక్కరూ వచ్చి తమది చేర్పించారు. మొదటిది మా తాతయ్యది, శ్మశానానికి దారి. వానాకాలంలో ఆ నల్లరేగడిలో పాడె మోసేవాళ్లు మోకాళ్ల దాకా దిగబడేవారు. తర్వాత బోరు, చావిడికి సున్నం, పీర్ల చావిడికి రేకులు. అన్నిటికీ వరుసగా అంకెలు వేసి పద్ధతిగా రాశాను. బస్సు తొమ్మిదోది అయింది. మొత్తం పద్నాలుగు.

సారు వచ్చినప్పుడు కారు ఇంజను కూడా ఆపలేదు. ఇంకా మూడు ఊళ్లు తిరగాలట. కాగితం చదివి జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. తప్పులు దిద్దుతారేమో అనుకున్నాను. పెన్ను నా చేతిలో పెట్టారు.

"ఏమప్పా, పద్నాలుగు రాసినావు. ఇట్ల పంపితే ఆఫీసోళ్లు చావిడికి సున్నం కొట్టి, పని అయిపాయ అంటారు. ఈ తూరికి ఒక్కటి పెట్టుకో, తక్కినవి కొట్టెయ్."

పెద్దల్ని అడిగితే సాయంత్రానికి కూడా తెగదని సారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కోరినవాళ్లందరూ నా చుట్టూనే ఉన్నారు. అక్క గుంపు వెనక తల దించుకుని నిలబడింది. రెండో దాని నుంచి కొట్టడం మొదలుపెట్టాను. ఎవరో గొణిగారు. చివరికి ఒకటీ తొమ్మిదీ మిగిలాయి. చెయ్యి ఆగిపోయింది. తాతయ్య కాగితం మీదికి వంగాడు.

"కొట్టెయ్‌రా. ఆ దావన పోయేకి నాకేం తొందరుండాది."

అందరూ నవ్వుతుండగా కొట్టేశాను.

రెండు నెలలకు బస్సు ఆగింది. అక్క చదువుకుని ఇప్పుడు బనగానపల్లెలో నర్సుగా పనిచేస్తోంది. సారు మాత్రం తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయారు. మాకేం చేసినాడని మా ఊళ్లోనే చాలామంది అన్నారు. ఆ తర్వాత ఒక ముసురు రోజున తాతయ్య పోయాడు. అక్క ఆ క్రాసులోనే బస్సు దిగి పరుగున వచ్చింది. పాడె మోసినవాళ్లలో నేనొకణ్ణి. మోకాళ్ల దాకా దిగబడ్డాను.

ఇప్పుడు ఎర్రగుంట్లలో, సిమెంటు ఫ్యాక్టరీలో రోజూ మరమ్మతుల జాబితా రాస్తాను. ముందుగా ఒక్కదాన్ని ఎంచుకోవడం సారు నేర్పారు. తక్కినవాటిని వాయిదా వేసే ముందు మాత్రం, అవి అడిగినవాళ్ల దగ్గరికి వెళ్లి ముఖం చూసి చెప్తాను. సరేలే సారూ, తొందరేముంది అని ఎవరైనా అన్నారంటే ఇక ఆ రోజంతా నాకు కుదురుండదు.