ఆ పిల్లోని పేరు

హిందూపురంలో ప్యాసింజరెక్కి, కిటికీ పక్కన కూర్చుని ఒక నవల చదువుకుంటున్నాను. ప్రేమలో మతం అడ్డురాదని ఒక సూఫీ గురువు శిష్యురాలికి చెప్పే కథ అది. నచ్చిన వాక్యాల కింద పెన్సిల్‌తో గీతలు కూడా గీస్తున్నాను.

ఎదురుగా బురఖాలో ఒక పెద్దామె, ఒళ్ళో మల్లెపూల బుట్ట పెట్టుకుని కూర్చునుంది. "ఏం కత నాయనా అది?" అని అడిగితే ఉత్సాహంగా చెప్పాను. శ్రద్ధగా విని, "మంచి కతే" అంది.

అంతలో చెల్లెలు ఫోన్ చేసింది. ఒక ముస్లిం అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంటోందని ఇంట్లో నెల రోజులుగా గొడవ. "ఆ తురకోడు తప్ప నీకింకెవురూ దొరకలేదా? మా తలకాయలు యాడ పెట్టుకోవాల?" అని అరిచి ఫోన్ పెట్టేశాను. తలెత్తితే పెద్దామె నన్నే చూస్తోంది.

పెనుకొండలో రైలు ఆగాక ఆమె బుట్ట ఎత్తుకుని, "దర్గాకు పోతాండా నాయనా. మీ చెల్లెలి పేరు చెప్పు, దువా చేస్తా" అంది.

తల వంచుకుని చెప్పాను.

"ఆ పిల్లోని పేరు?"

నాకు తెలియదు. ఇన్ని రోజుల్లో ఒక్కసారీ అడగలేదు.

"పోనీలే, దేవునికి తెలిసుంటాది" అని ఆమె దిగిపోయింది.

ధర్మవరంలో దిగి, ప్లాట్‌ఫారం మీదే నిలబడి చెల్లెలికి ఫోన్ చేశాను. ఆ అబ్బాయి పేరేమిటని అడిగాను.

"ఆయన్ను ఏం చేయొద్దన్నా" అంది, ఏడుస్తూ.