కృష్ణప్పన్న బిగించిన తలుపులు

పుంగనూరులో నా సీటు కవర్ల కొట్టు పక్కనే కృష్ణప్పన్న ఇల్లు. ఇంటి ముందు తెల్ల అంబాసిడర్ కారు. వయసులో ఉన్నప్పుడు మదనపల్లె బస్టాండు నుంచి హార్స్లీ హిల్స్‌కు దాంట్లోనే బాడుగలు తోలేవాడు. కొత్త కార్లు వచ్చి బాడుగలు పోయినా దాన్ని అమ్మలేదు. అడిగిన వాళ్లను తిట్టి పంపాడు. ఎవరో బేరానికి వచ్చారని చెప్పినందుకు నన్నూ తిట్టాడు. ఇంత మొండి మనిషి మా వీధిలో ఇంకొకడు లేడు.

ఆయన భార్య నాగరత్నమ్మ వదిన. ఏళ్ల తరబడి రైస్ మిల్లులో తవుడు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకుంది. పొగ తగిలినా, దుమ్ము తగిలినా దగ్గు ఎత్తుకుంటుంది. పోయిన ఏడాది పలమనేరు బస్సులో ఊపిరాడక పెదాలు నల్లబడితే, పక్కనున్న కృష్ణప్పన్న దోవలోనే దించి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి ఆమెను బస్సు ఎక్కనివ్వలేదు. ఒకసారి బాడుగకు ఏసీ కారు పిలిపిస్తే, లోపల కొట్టిన సెంటు వాసనకే ఆమె ఉక్కిరిబిక్కిరైంది. వీధి చివరికైనా పోకముందే దించేశాం.

ఇట్లా ఉండగా కుప్పంలో వదిన వాళ్ల అక్క పూలమ్మ మంచం పట్టింది. తల్లి చిన్నప్పుడే పోతే వదినను చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. రోజూ ఫోనులో మాట్లాడుకునేవాళ్లు. మాట్లాడితే ఏడుపు, ఏడిస్తే వదినకు ఆయాసం. కృష్ణప్పన్న ఫోను లాక్కుని, నా కార్లోనే తీసుకుపోతాను, దోవలో టమోటా లారీలు ఎంత దుమ్ము లేపినా లోపలికి రాకుండా చేసి మరీ తీసుకుపోతాను అన్నాడు. అన్నాడంటే అంతే.

డ్యాష్‌బోర్డు కింద లోపలికి గాలి కొట్టే బ్లోవర్ విప్పితే అందులో ఎలుక గూడు ఉంది. ఫ్యాను రెక్కలు తుప్పు పట్టాయి, మోటారు బిగుసుకుపోయింది. మోటారుకు మదనపల్లెలో కొత్తగా వైండింగ్ చేయించుకొచ్చాడు. రెక్కలను ఉప్పుకాగితంతో రుద్ది రంగు వేశాడు. బయటి గాలి లోపలికి వచ్చే దారికి వదిన పాత వాయిల్ చీర ముక్కను మడతలు వేసి అడ్డం కట్టాడు. ఆ ముక్క కుట్టింది నేనే. సరిగ్గా కుట్టలేదని రెండుసార్లు విప్పించాడు కూడా. స్విచ్చి వేసిన రోజు వదిన ముందు సీట్లో కూర్చుని, మొహానికి గాలి తగులుతుంటే కళ్లు మూసుకుంది. దగ్గు రాలేదు. కృష్ణప్పన్న మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో అనిపించింది నాకు.

తర్వాత తలుపుల పని. తలుపుల అంచుల వెంట ఉండే పాత రబ్బరు బీడింగులు ఎండి పెళుసెక్కి చేత్తో పట్టుకుంటే రాలిపోయాయి. కొత్తవి తెప్పించి సొల్యూషన్ జిగురుతో అతికించాడు. అవి సరిగ్గా ఆనుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఆయనకొక పద్ధతి ఉంది. తలుపు చట్రం చుట్టూ తడి వేలితో విభూతి పూసి, తలుపు మూసి, మళ్లీ తీస్తాడు. రబ్బరు మీద విభూతి గీత తెగకుండా పడితే గాలి దూరదని లెక్క. ఎక్కడ గీత తెగితే అక్కడ సందు ఉన్నట్టు. కారుకు కూడా విబూది పట్టెలు పెడతాండావా అని వదిన ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు కాదు, ఆ గీతనే చూస్తూ ఉండేవాడు.

బుధవారం పొద్దున పూలమ్మ కొడుకు వెంకటేష్ ఫోన్ చేశాడు. అమ్మ కళ్లు తెరవడం లేదు, పిన్నమ్మ పేరే పలవరిస్తోంది, ఈ రోజే రండి అన్నాడు. వదిన అప్పటికప్పుడే చీర మార్చుకుని వాకిట్లోకి వచ్చింది. కృష్ణప్పన్న ఆఖరుసారి విభూతి పూసి చూశాడు. మూడు తలుపులకు గీత చక్కగా పడింది. వెనక ఎడమ తలుపు కింది మూలలో నా చిటికెన వేలంత మేర పడలేదు. ఆయన ఆ బీడింగు మొత్తం లాగేశాడు.

"సాలు లేప్పా, పోదాం పద," అంది వదిన. "దగ్గుతానే వస్తాను. మా అక్కను సూడాల నేను."

"నీకు దోవలో ఏమన్నా అయితే? ఆ పొద్దు బస్సులో నీ మొగం సూసినోణ్ణి నేను," అన్నాడు.

నేనూ చెప్పి చూశాను. ఆ సందులో గుడ్డ దోపుకుని పోదామన్నాను. వినలేదు. బీడింగు మళ్లీ అతికించాలి, సొల్యూషన్ ఆరాలి, దాని వాసన పూర్తిగా పోవాలి, లేకపోతే ఆ వాసనే ఆమె ప్రాణం తీస్తుంది అన్నాడు. ఆయన భయం ఆయనది. వదిన గడప మీద కూర్చుని, కట్టుకున్న కొత్త చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సాయంత్రం దాకా ఆయన పనే చూస్తూ ఉండిపోయింది. నాకు ఆ రోజు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

ఆ వాసన పూర్తిగా పోయిందని ఆయనకు నమ్మకం కుదిరేసరికి శనివారం అయింది. తెల్లవారగానే బయలుదేరాం. తోడుగా నన్ను వెనక సీట్లో కూర్చోమన్నాడు. అద్దాలన్నీ ఎత్తి బ్లోవర్ వేశాడు. పని మాత్రం అద్భుతంగా చేశాడు, ఆ మాట చెప్పి తీరాలి. ముందు పోతున్న లారీ దుమ్ములో రోడ్డే కనబడకపోయినా, లోపల మాకు దుమ్ము వాసనైనా తెలియలేదు. వదిన చిన్నపిల్లలా ఆ గాలికి మొహం పెట్టుకుని అక్క గురించి చెబుతూనే ఉంది. అక్క చేసే ఉలవచారు, అక్క వేసే జడ, అక్క కొట్టిన దెబ్బలు.

పలమనేరులో టీకి ఆగి, మేమిద్దరం కిందికి దిగి, వదినను కారులోనే ఉండమన్నాం. వెంకటేష్ నా ఫోనుకు చేశాడు. పొద్దున్నే పోయిందంట. కృష్ణప్పన్నకు చెబితే తాగని టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి కారు వైపు చూశాడు.

"ఇప్పుడే సెప్పద్దు శేఖరా," అన్నాడు. "ఏడిస్తే ఆయాసం వస్తాది. దోవలో ఏమీ సెయ్యలేం. ఆడికి పోయినాక సెప్తా."

వి.కోట దాటేసరికి వదిన మాట్లాడి మాట్లాడి అలసి, కళ్లు మూసుకుంది. కుప్పంలో వాళ్ల వీధి మొదట్లో కారు ఆపాడు. వీధి లోపల షామియానా వేసి ఉంది. దాని ముందు చావు పలకలు కొట్టే డప్పుల వాళ్లు చేతులు ఎత్తి ఎత్తి కొడుతున్నారు. మూసిన తలుపుల వెనక మాకు ఇంజను, బ్లోవర్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆయన ఇంజను ఆపలేదు, బ్లోవర్ ఆపలేదు, దిగనూ లేదు. నేను వెనక కూర్చుని ఆయన మెడ మీద చెమట చూస్తున్నాను. ఆ మనిషి మీద కోపం అప్పుడు పోయింది. జాలే మిగిలింది.

వదిన కళ్లు మూసుకునే అడిగింది. "వచ్చేసినామా? ఒక్క తూరి కూడా దగ్గు రాలేదు సూడు. మా అక్కకు సెప్తా. తలుపు తియ్యి."

కృష్ణప్పన్న కారు చుట్టూ తిరిగి వచ్చి ఆమె వైపు తలుపు తీశాడు. పలకల మోత ఒక్కసారిగా లోపలికి వచ్చి పడింది. వదిన కళ్లు తెరిచి అటు చూసింది. ఏడుపు, దగ్గు రెండూ కలిసి వచ్చాయి. ఆయన వీపు నిమరబోతే చెయ్యి తోసేసింది. ఊపిరి కాస్త చిక్కాక ఆయన మొహంలోకి చూసి ఒకే మాట అంది.

"దగ్గుతానే వస్తానంటి గదప్పా."