టీకా వేయించుకున్న పిన్నిని చూడటానికి బాపట్ల ప్రయాణం

రేపల్లెలో ఉండే మా అక్కకు ఉబ్బసం. పోయిన వానాకాలం ఫ్లూ వచ్చి ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఈసారి వానలకు ముందే కొత్త ఫ్లూ టీకా వేయించుకోమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అక్క వింటేగా!

"కొత్త వంగడం వస్తే ముందు పక్కవాళ్ళ చేలో ఒక పంట చూస్తాం. బాగుంటేనే మన చేలో వేస్తాం. ఒంటికి మాత్రం చూడకుండా ఎట్లా వేయించుకుంటానే?" అంది ఫోన్లో. వాళ్ళ వీధిలో అందరిదీ ఇదే మాట. అందరూ పక్కింటి వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు, ఎవరూ వేయించుకోవడం లేదు. బాపట్లలో మా పిన్ని మూడు వారాల కిందటే వేయించుకుందని చెబితే, "ఆవిడను కళ్ళారా చూశాక ఆలోచిస్తా" అంది. అక్క మనసు మారకముందే బయలుదేరాను.

తెనాలిలో ఉదయం ఆరున్నర దాటాక రేపల్లె బండి ఎక్కాను. కాలవలకు ఇంకా నీళ్ళు వదల్లేదు, చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. అయినా వేమూరు దాకా కిటికీ గాలి హాయిగా ఉంటుంది, వెళ్ళేవాళ్ళు పొద్దుటి బండే ఎక్కండి. ఎదురు సీటు పెద్దాయన "ఎక్కడికమ్మా?" అని అడిగాడు.

"టీకా వేయించుకున్న మా పిన్నిని చూడ్డానికండి."

"అయ్యో, ఎట్లా ఉందమ్మా పాపం?"

నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

రేపల్లెలో దిగేసరికి ఎనిమిది. అక్క ఒక చేతిలో ఇన్‌హేలరు, ఇంకో చేతిలో పిన్నికి తాటిముంజలు పట్టుకుని సిద్ధంగా ఉంది. బస్టాండు పక్క హోటల్లో వేడి ఇడ్లీ ముందు పెట్టుకుని, "టిఫిన్ తిని టీకా వేయించుకోవచ్చంటావా?" అంది. "చూడ్డానికేగా వెళ్తున్నాం!" అన్నాను. అక్క ఇడ్లీలో మునిగింది.

తొమ్మిదింటికి బాపట్ల బస్సు. అక్క టికెట్టు తీసుకుంటూనే కండక్టరుకు సంగతంతా చెప్పింది. చెరుకుపల్లి రాకముందే బస్సు మొత్తానికి తెలిసిపోయింది. చీరల మూటతో కూర్చున్న చీరాల ఆయన వెనక్కి తిరిగాడు.

"మా వీధిలో ఒకాయన వేయించుకున్నాడండి. రెండ్రోజులు చెయ్యి లేవలేదు."

"తర్వాత?" అంది అక్క ఊపిరి బిగబట్టి.

"తర్వాత లేచిందండి."

వెనక సీటావిడ, "నెలరోజులు గోంగూర మానాలంటగా?" అంది. అక్క మొహం వాడిపోయింది. అప్పుడు కండక్టరు అందుకున్నాడు. "మా ఆవిడ వేయించుకుందండి. గోంగూరా మానలేదు, నన్ను తిట్టడమూ మానలేదు." బస్సంతా గొల్లుమంది. అక్క కూడా నవ్వింది గానీ, "ఆవిణ్ణి నేను చూడలేదుగా నాయనా" అంది.

పదకొండు లోపే పిన్ని ఇంటి ముందు ఆటో దిగాం. పిన్ని తలుపు తీసి, "రండి" అనేలోపు వరసగా మూడు తుమ్ములు తుమ్మింది. అక్క మెట్టు మీదే ఆగిపోయి, "చూశావా! వంగడం దెబ్బతింది" అని వెనక్కి తిరిగింది. నేను చటుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"ఆగవే! మొన్న సూర్యలంక సముద్రానికి వెళ్ళి తడిసొచ్చాను, అందుకే ఈ జలుబు. టీకా ఫ్లూకి గానీ ప్రతి తుమ్ముకీ కాదు. చేలో కలుపు మొలిస్తే విత్తనం పుచ్చిందంటావా?" అంది డెబ్బై అయిదేళ్ళ పిన్ని.

అక్క చెప్పులు విడిచింది. లోపలికొచ్చి పిన్ని ఎడమ చెయ్యి పైకెత్తి, కిందికి దించి, జబ్బ నొక్కి చూసింది. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, గోంగూర తిన్నావా అని అడిగింది. పిన్ని గోంగూర పప్పు వడ్డించింది. అక్క రెండుసార్లు వేయించుకుంది.

చెయ్యి కడుక్కున్నాక "ఇక పదండి" అని తనే అంది. మూడింటికి ముగ్గురం పిన్నికి టీకా వేసిన క్లినిక్కుకు వెళ్ళాం. నర్సు ఉబ్బసం గురించి అన్నీ అడిగి, సూది సిద్ధం చేసింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయమేస్తోందే. నీకు వేసినప్పుడు నొప్పి పుట్టిందా?"

ఏం చెప్పను? నెల రోజులుగా ఫోన్లో ఊదరగొట్టిన నేను ఇంకా వేయించుకోలేదు. "నువ్వు వేయించుకున్నాక చూసి..." అని నసిగాను. పిన్ని నెత్తి కొట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"అయితే ముందు మీరే రండమ్మా" అంది నర్సు నవ్వుతూ. జాకెట్టు చెయ్యి పైకి మడుస్తున్నాను. అంతలో అక్క నన్ను పక్కకు నెట్టి స్టూలు మీద కూర్చుంది.

"పక్కవాళ్ళ చేలో చూస్తాం గానీ, చెల్లెలి ఒంటి మీద చూస్తామా ఏంటమ్మా? ముందు నాకెయ్యి."

కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. "ఇంకా ఎయ్యలేదా?" అని అడిగేసరికి నర్సు దూది పెడుతోంది. తర్వాత నాకు వేశారు. నా కళ్ళలో నీళ్ళు చూసి సూది నొప్పి అనుకున్నారు. అక్క మీద ప్రేమ ముంచుకొచ్చిందని అక్కడ ఎట్లా చెప్పను?

అరగంట కూర్చోబెట్టి పంపారు. అయిదింటి బండికి ఇద్దరం తెనాలి బయలుదేరాం, అక్కకు అక్కణ్ణుంచి రేపల్లె బండి. నిడుబ్రోలులో ఎక్కినావిడ జరగమంటే, "ఈ చేతికి తగలకమ్మా, టీకా వేయించుకున్నా" అని అక్క గర్వంగా చెప్పింది. తెనాలి వచ్చేదాకా ఆవిడకు అక్క కబుర్ల నుంచి విడుపు లేదు. ఇంత నవ్విన ప్రయాణం నాకు మరొకటి గుర్తులేదు.

తెనాలిలో రేపల్లె బండి కదులుతుంటే అక్క కిటికీలోంచి అరిచింది. "వానలు పడగానే వస్తానే! ఈసారి నువ్వు ఆసుపత్రికి రానక్కర్లేదు, నేనే మీ ఇంటికొస్తా!"

పోయిన వానాకాలం ఐసీయూ తలుపు బయట ఆరు రోజులు కూర్చున్నదాన్ని. "రా అక్కా, రా!" అని ప్లాట్‌ఫారం చివరిదాకా బండి వెంట పరిగెత్తాను.